కుక్కపిల్లకి కారు అలవాటు

నవంబరు 3, సోమవారం

అక్క కుక్కపిల్లను తెచ్చింది.

ఇంకో మూడు వారాల్లో కాపురానికి వెళ్ళాల్సిన మనిషి, పెట్టెలు సర్దుకోవలసిన మనిషి, దారం రీళ్ళు తెస్తానని బజారుకు వెళ్ళి, దారం మర్చిపోయి, కుక్కపిల్లను చంకన పెట్టుకుని వచ్చింది. గోధుమరంగు పిల్ల. రెండు నెలలు నిండాయట. చెవుల్లో ఒకటి నిలబడి ఉంది, ఒకటి వాలిపోయి ఉంది. ఎవరో తొందరలో కుట్టినట్టున్నాయి.

"ఇదేంటక్కా?"

"కుక్కపిల్ల."

"అది నాకూ కనిపిస్తోంది."

"మరి అడుగుతావేం?"

అక్కతో వాదించడం కంటే గోడతో వాదించడం నయం. గోడకు చెవులైనా ఉంటాయంటారు.

సీట్లు, కుర్చీలు బాగుచేసే మా షాపులో కింద వదిలిందో లేదో, అది తిన్నగా వెళ్ళి సోఫాల్లో నింపే పీచు బస్తాలో దూరింది. తోక మాత్రం బయట ఉంది. పట్టి లాగితే మూతినిండా పీచు.

"పేరు పెట్టవే," అంది అక్క.

"నీ కుక్క. నువ్వే పెట్టుకో."

"నాకు పేర్లు తోచవు. నువ్వు పెట్టు."

"పెంచేవాళ్ళు పెట్టాలి పేరు."

"నేనూ అదే అంటున్నా."

అక్క మాటలు ఒక్కోసారి తలా తోకా లేకుండా ఉంటాయి. సాయంత్రానికి ఇద్దరం దాన్ని 'పీచూ' అని పిలుస్తున్నాం. ఎవరు మొదలుపెట్టారో తెలియదు.

నవంబరు 4

రాత్రంతా ఒకటే ఏడుపు. కుక్కపిల్ల సంగతి రాస్తున్నాను.

నవంబరు 6, గురువారం

కుర్చీలాయన ఫోన్ చేశాడు. ఇంటికి రంగులు వేయించాడట. వంటింటి కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందట. అక్క అన్నింటికీ "ఊఁ" అంటోంది. ఆ "ఊఁ"లో ఎన్ని రకాలున్నాయో ఈ రెండేళ్ళుగా వింటున్నాను.

రెండేళ్ళ కిందట ఒక చేతుల కుర్చీ బాగుచేయించుకోవడానికి వచ్చాడు. పోస్టుమాస్టరుగా రిటైరైన మనిషి, భార్య పోయి చాలాకాలమైంది. ఆ కుర్చీ సీటు నిజంగానే చిరిగింది. నెల తిరక్కుండా రెండో కుర్చీ తెచ్చాడు. తర్వాత మూడోది. నాలుగోది తెచ్చినప్పుడు నేను చిరుగు మీద వేలు పెట్టి చూశాను. వాడి వాడి చిరిగిన రెగ్జిన్ అంచు పీలికలు పీలికలుగా ఉంటుంది. ఇది గీత గీసినట్టుంది. మహానుభావుడు బ్లేడుతో కోసుకొచ్చాడు!

లోపలికి వెళ్ళి చెప్పాను. "అక్కా, ఇది చిరుగు కాదు, కోత."

"తెలుసులే. కుట్టు," అంది అక్క. తలెత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. యాభై రెండేళ్ళ మనిషికి చెవులు ఎర్రబడటం నేను చూడటం అదే మొదటిసారి.

పోయిన నెల రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళయింది. సాక్షి సంతకం నాదే. సంతకం వంకరగా వచ్చింది. పెన్ను మంచిది కాదు.

నాకేం బాధ లేదు. అమ్మ పోయాక అక్క నన్ను పెంచడానికి సగం జీవితం, నాతో పోట్లాడటానికి మిగతా సగం ఖర్చుపెట్టింది. నా పెళ్ళి మూడేళ్ళలో పెటాకులై తిరిగివస్తే, "ఎందుకొచ్చావు?" అని ఒక్క మాట అడగలేదు. నా మిషను మీద దుమ్ము తుడిచి, నూనె వేసి, "కూర్చో, పని చాలా ఉంది," అంది. అంతే. ఇప్పుడు తన వంతు వచ్చింది. వెళ్ళాలి. వెళ్ళకపోతే నేనే తిడతాను.

ఇరవై నాలుగున బయల్దేరడం. రెండు రోజుల దారి. కారు నేనే నడపాలి, అక్కకి రాదు. ఇన్నేళ్ళుగా స్టీరింగు నేను తిప్పుతాను, పక్క సీట్లో కూర్చుని కారు అక్క నడుపుతుంది. "మెల్లగా", "ముందు లారీ", "హారన్ కొట్టవే". తిరిగి వచ్చేటప్పుడు నేనొక్కదాన్నే రావాలి. ఇప్పటివరకు ఒంటరిగా పక్కవీధి దాకా కూడా నడపలేదు. ఆ సంగతి తర్వాత చూసుకుందాం.

నవంబరు 8, శనివారం

పీచును డాక్టరమ్మ దగ్గరికి తీసుకువెళ్ళాం. సూది వేసింది. రెండు రోజుల కారు ప్రయాణం అనగానే ఆవిడ కళ్ళజోడు తీసి మా ఇద్దర్నీ చూసింది.

"దాన్ని ఇప్పటివరకు కార్లో ఎక్కించారా?"

"లేదండీ."

"అయితే ఇవాళే మొదలుపెట్టండి. ముందు ఇంజను ఆపేసి ఊరికే కూర్చోబెట్టండి. రెండు రోజులయ్యాక ఇంజను ఆన్ చేసి కూర్చోబెట్టండి. తర్వాత వీధి చివరిదాకా. కారంటే కక్కడం కాదు, బిస్కెట్టు దొరకడం అని దానికి అర్థం కావాలి. బయల్దేరే ముందు కడుపు నింపకండి. ఇంట్లో వాసన తెలిసిన గుడ్డేదైనా పక్కన పెట్టండి. ఎవరి దగ్గర పెరుగుతుందో వాళ్ళ గుడ్డయితే మరీ మంచిది."

"పెడతాం," అన్నాం ఇద్దరం ఒకేసారి.

నవంబరు 9, ఆదివారం

ఇవాళ ఆగిన కార్లో కూర్చున్నాం. నేను స్టీరింగు ముందు, అక్క పక్కన, పీచు మా మధ్య. చూసేవాళ్ళు నవ్వుకుని ఉంటారు. ఎదురింటి టైలరు వచ్చి, "ఎక్కడికమ్మా ప్రయాణం?" అని అడిగాడు. "ఎక్కడికీ కాదు," అంది అక్క. "మరి కార్లో కూర్చున్నారేం?" "అలవాటు చేసుకుంటున్నాం." ఆయన తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఏ ప్రయాణమూ లేకుండా బండిలో కూర్చుంటే పాత సంగతులే వస్తాయి. నాన్న వ్యాను గుర్తొచ్చింది. నాన్న సినిమాహాళ్ళ సీట్లు బాగుచేసేవాడు. ఒక్కో ఊళ్ళో వారం, పది రోజులు. వ్యాను నిండా రెగ్జిన్ చుట్టలు, స్పాంజి, మేకుల డబ్బాలు, మేమిద్దరం. నిద్ర స్పాంజి మీదే. అంత మెత్తటి పరుపు మళ్ళీ ఈ జన్మలో దొరకలేదు. మధ్యాహ్నం ఆట మొదలయ్యేలోపు హాలంతా మాదే. నాన్న సీట్లు ఊడదీస్తుంటే నేను వాటి కింద పాకి దొరికినవన్నీ ఏరేదాన్ని. తలపిన్నులు, గుండీలు, ఒంటి చెప్పులు, ఒకసారి ఎవరిదో పెట్టుడుపన్ను. అక్క మాత్రం నాన్న పక్కనే నిలబడి సుద్దముక్క అందిస్తూ ఉండేది. నాన్న కళ్ళు మసకబారాక ఆ సుద్దముక్క అక్క చేతికే వచ్చింది. అప్పటినుంచి అక్క కత్తిరిస్తుంది, నేను కుడతాను. టేపు అక్కరలేదు తనకి. సీటును జానతో కొలిచి, ఒకసారి కళ్ళు మూసుకుని, కత్తెర పెట్టేస్తుంది.

"ఒక ఊళ్ళో కుక్కపిల్ల ఉండేది, గుర్తుందా?" అన్నాను. "టికెట్ల గది వెనక. మన రొట్టె దానికే పెట్టేవాళ్ళం. నాన్న ఎక్కించుకోనన్నాడు. వదిలేసి వస్తుంటే నేను తర్వాతి ఊరిదాకా ఏడ్చాను."

అక్క అద్దంలోంచి బయటికి చూస్తోంది. "ఏడ్చింది నువ్వు కాదు."

"నేనే. నాకు బాగా గుర్తు. ముక్కు తుడుచుకోవడానికి నాన్న మిషను గుడ్డ ఇచ్చాడు, నూనె వాసన."

"ఆ గుడ్డ నాకిచ్చాడు. నువ్వు వ్యాను కదలగానే నిద్రపోయావు. ఊరొచ్చాక లేచి, కుక్కేది అన్నావు."

చాలాసేపు వాదించుకున్నాం. అక్క ఏడవగా నేనెప్పుడూ చూడలేదు, అందుకే నమ్మలేకపోతున్నాను. కానీ ఆ నూనె గుడ్డ మాట చెబుతున్నప్పుడు తన ముక్కు పుటాలు కదిలాయి. ఇన్నేళ్ళూ అక్క ఏడుపును నాదనుకుని దాచుకున్నానా?

పీచు ఈలోగా బిస్కెట్టు తిని గేరు రాడ్డు మీద తల పెట్టి నిద్రపోయింది.

నవంబరు 11, మంగళవారం

నాకిప్పుడు అర్థమైంది. అక్క ఈ కుక్కను తనకోసమే తెచ్చుకుంది. కొత్త ఊరు, కొత్త ఇల్లు, తోచదు కదా. పైకి చెప్పదు. పిల్లి మీదా ఎలుక మీదా పెట్టి కూడా చెప్పదు, అసలే చెప్పదు.

సరే, అక్కడికి వెళ్ళేలోపు దీన్ని పూర్తిగా అక్క కుక్కను చేసే బాధ్యత నాది. ఇవాళ అక్క పాత బూడిదరంగు శాలువా తీసి పీచు పక్కలో వేశాను. అక్క వాసన దానికి ఒంటబట్టాలి. పొద్దున పాలు కూడా అక్క చేతే పెట్టిస్తాను, నాకు పనుందని చెప్పి.

నవంబరు 12

పొద్దున చూస్తే పీచు పక్కలో నా పని ఏప్రాన్ ఉంది. శాలువా అల్మారాలో మడతపెట్టి ఉంది. నిద్రమత్తులో నేనే మార్చేసి ఉంటాను. మళ్ళీ శాలువా వేశాను.

పాలు పెట్టమంటే అక్కకి సరిగ్గా అప్పుడే ఏదో పని గుర్తొచ్చింది. నేనే పెట్టాల్సివచ్చింది.

నవంబరు 14, శుక్రవారం

పీచు కార్లో కూర్చోవడానికి ఒక బుట్ట కుట్టాలి. వెనక సీటుకు బెల్టుతో బిగించేది. లోపల స్పాంజి, పైన నీలం రెగ్జిన్, అంచుకి పైపింగు. సుద్ద పట్టుకుని నిలబడితే ఐదు నిమిషాల పని. అక్కకి.

"నువ్వే కత్తిరించు," అంది అక్క.

"నేనెప్పుడైనా కత్తిరించానా?"

"అందుకే కత్తిరించమంటున్నా."

కోపం వచ్చింది. కత్తెర తీసుకున్నాను. పీచును నిలబెట్టి జానతో కొలిచాను, అది నా బొటనవేలు కొరికింది. అక్కలాగే కళ్ళు మూసుకున్నాను కూడా. కత్తిరించాను. కుట్టాను. కుట్టడంలో నన్ను తప్పుపట్టే మొనగాడు ఈ ఊళ్ళో లేడు. తీరా బుట్ట తయారయ్యాక పీచును కూర్చోబెడితే సగం కుక్క లోపల, సగం బయట.

కుట్టుకు వదలడం మర్చిపోయాను. రెగ్జిన్ కోసేటప్పుడు కొలత మీద రెండు వేళ్ళు ఎక్కువ వదలాలని పనిలో చేరిన మొదటి రోజే ఎవరైనా నేర్చుకుంటారు. ఆ రెండు వేళ్ళూ నాకోసం ఎప్పుడూ అక్కే వదిలింది. నేను వదలాలన్న సంగతే నాకు తోచలేదు.

అక్క పడీపడీ నవ్వింది. నేను కూడా నవ్వాను. తర్వాత బాత్రూములోకి వెళ్ళి కాసేపు కూర్చున్నాను. స్పాంజి పొడి కళ్ళలో పడితే ఊరికే పోదు.

రెండో బుట్ట సరిగ్గా వచ్చింది. కొంచెం పెద్దదే అయింది. కుక్క పెరుగుతుంది కదా.

నవంబరు 16, ఆదివారం

మొదటిసారి కదిలే కార్లో పీచు. వీధి చివరిదాకా బాగానే ఉంది. "చూశావా, రాణీలాగా ఎలా కూర్చుందో!" అంటూ నేను చెరువుగట్టు దాకా పోనిచ్చాను. అక్కడ మలుపులో రాణీగారు బుట్టలో, సీటు మీద, అక్క చెప్పుల్లో కక్కేశారు.

ఇద్దరం బకెట్టు పెట్టుకుని కారు కడిగాం. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని నేను గొణుగుతుంటే అక్క, "నువ్వూ ఇంతే. వ్యానులో ప్రతి మలుపుకీ నా ఒళ్ళోనే," అంది. "నాన్న నీకు నిమ్మకాయ వాసన చూపించమనేవాడు. నువ్వు నిమ్మకాయ తినేసేదానివి."

ఈసారి వాదించలేదు. అది నాకూ గుర్తుంది. అక్క గౌను తడి, నా నుదుటి మీద తన అరచెయ్యి. అప్పుడు అక్కకి పదమూడేళ్ళు ఉంటాయేమో. పదమూడేళ్ళ పిల్ల చెయ్యి అంత పెద్దగా ఎలా అనిపించేదో.

నవంబరు 17

మళ్ళీ ఏప్రాన్. మళ్ళీ శాలువా వేశాను. నాకు మతిమరుపు వస్తున్నట్టుంది.

నవంబరు 18, మంగళవారం

స్కూలు బస్సు సీట్ల పని వచ్చింది. పెద్ద పని. డ్రైవరు అలవాటుగా అక్క వైపు తిరిగి మాట్లాడుతుంటే అక్క, "అన్నీ మా చెల్లెలితో మాట్లాడండి, ఇకమీదట షాపు తనదే," అని లోపలికి వెళ్ళిపోయింది. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. నేనూ ఆయన్ని అలాగే చూశాను. పని ఒప్పుకున్నాను. అన్ని సీట్లు ఎవరు కత్తిరిస్తారన్న సంగతి ఒప్పుకున్నాక తోచింది.

అక్క వెళ్ళకుండా ఉంటే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. ఒక్క క్షణమే. కుర్చీలాయన ఇంటికి వేసిన రంగులు పాడైపోతాయా ఏమిటి, ఇంకో ఏడాది ఆగితే?

కొట్టేద్దామనుకున్నాను ఆ వాక్యం. ఉండనీ. ఎవరు చదువుతారు.

నవంబరు 20, గురువారం

దొంగ దొరికింది.

పొద్దున పాలవాడు తొందరగా వచ్చాడని లేచాను. ముందు గదిలో అక్క వంగుని పీచు కిందనుంచి శాలువా లాగేస్తోంది, చేతిలో నా ఏప్రాన్.

"ఏం చేస్తున్నావక్కా?"

ఉలిక్కిపడింది. "రోజూ దీని పక్కలో నా శాలువా ఎవరు వేస్తున్నారో అని..."

"నేనే. నీ కుక్క కదా, నీకు అలవాటు కావాలని."

"నా కుక్కేంటి? నీకోసం తెచ్చాను దాన్ని!"

పీచు శాలువా చివర, ఏప్రాన్ చివర కలిపి కరుచుకుని రెండింటినీ లాగుతోంది.

"నాకెందుకు కుక్క?"

"ఇంట్లో ఒక్కదానివే ఉంటావు కదే."

"ఉంటే? నేనేమైనా చంటిపిల్లనా? జాలిపడి కుక్కను కొనిచ్చి వెళ్ళిపోతావా? నీకు కావాలి తోడు. ఊరు కాని ఊరు వెళ్తున్నది నువ్వు."

"నాకు అక్కడ ఆయనున్నారు."

"నాకిక్కడ షాపుంది!"

ఇంకా చాలా అన్నాను. 'ఏరు దాటి తెప్ప తగలేస్తున్నావు' అని కూడా అన్నాను. ఆ సామెత ఇక్కడ అతకదు. తెప్ప నేను కాదు, అక్క. దాటింది నేను. నోటికి వచ్చాక ఆగదు కదా.

అక్క ఏప్రాన్ మడతపెట్టి నా చేతికిచ్చింది.

నవంబరు 21

మాటల్లేవు. పీచుతో మాత్రం ఇద్దరం మాట్లాడుతున్నాం.

"పీచూ, టీ చల్లారిపోతోందని చెప్పు."

"పీచూ, నాకు టీ వద్దని చెప్పు."

"పీచూ, వద్దంటే మానమను, మొహం మాడ్చుకుని కూర్చోవడం ఎందుకట?"

కుక్కకు పనీ లేదు, తీరికా లేదంటారు. మా ఇంట్లో దానికి బోలెడంత పని.

నవంబరు 23, ఆదివారం

పెట్టెలు ఎక్కించాం. అక్క సామాను రెండు పెట్టెలు, ఒక దిండు. ఇన్నేళ్ళు బతికిన మనిషికి రెండు పెట్టెలేనా? మూడోది ఏదైనా మర్చిపోయావా అని రెండుసార్లు ఇల్లంతా వెతికాను. పీచు సామాను ఎక్కువ. గిన్నె, నీళ్ళ సీసా, పాత న్యూస్‌పేపర్లు, తుడవడానికి గుడ్డలు, బిస్కెట్లు, బంతి, గొలుసు, డాక్టరమ్మ ఇచ్చిన మందు. బుట్టలో శాలువా వేయాలా, ఏప్రాన్ వేయాలా అని ఇద్దరం కారు తలుపు దగ్గర నిలబడ్డాం. చివరికి రెండూ వేశాం.

పీచు ఎవరి దగ్గర ఉంటుందో తేలలేదు. ఎవరమూ అడగలేదు.

నవంబరు 24, సోమవారం. దారిలో, లాడ్జి

తెల్లవారగానే బయల్దేరాం. పీచు ఒక్కసారే కక్కింది. అది కూడా న్యూస్‌పేపరు మీద, పద్ధతిగా. అక్క వెనక్కి తిరిగి, "శభాష్," అంది. ఆ తర్వాత నాతో కూడా మాట్లాడటం మొదలుపెట్టింది. "ముందు లారీ." "కనిపిస్తోందిలే అక్కా." ప్రాణం లేచివచ్చింది.

దారిలో రెండు మూడు పాత సినిమాహాళ్ళు కనిపించాయి. ఒకటి గోడౌను అయింది, ఒకటి పెళ్ళిళ్ళ హాలు. ప్రతిదాని ముందూ కారు ఆపి చూశాం. వాటిలో ఏదైనా నాన్న పనిచేసిందేనా అంటే ఇద్దరికీ గుర్తులేదు. గుర్తున్నట్టే మాట్లాడుకున్నాం.

లాడ్జి మేనేజరు కుక్కలకు ప్రవేశం లేదన్నాడు. అక్క ఆయన కూర్చున్న కుర్చీ చూసి, "స్ప్రింగు గుచ్చుకుంటోందా?" అని అడిగింది. గుచ్చుకుంటోందట, ఏడాదిగా. అక్క కుర్చీ తిరగేసి, నా సంచిలో సూది, దారం తీయించి, అరగంటలో సరిచేయించింది. తను చూపించింది, నేను కుట్టాను. పీచుకు గది దొరికింది.

నవంబరు 25, మంగళవారం

రాయక తప్పదు.

మధ్యాహ్నం ఒక టీ కొట్టు దగ్గర ఆగాం. అక్కడినుంచి ఇంకో గంటన్నర దారి. గాలిలో ఉప్పు తెలుస్తోంది. పీచును గడ్డిలో తిప్పుకొచ్చి చూస్తే అక్క టీ అలాగే చేతిలో పట్టుకుని ఉంది. మీగడ కట్టేసింది.

"తాగవేం?"

"భయంగా ఉందే."

నేను సరిగ్గా వినలేదేమో అనుకున్నాను. అక్క నోట ఆ మాట ఎప్పుడూ వినలేదు.

"నాకు సీట్లు కత్తిరించడం తప్ప ఏం వచ్చు? పొద్దున లేచి ఆ ఇంట్లో ఏం చెయ్యాలి? ఆయన మంచివారే. కానీ ఆయనకి టీలో చక్కెర ఎంతో కూడా నాకు తెలియదు. నువ్వు ఎంత వేసుకుంటావో తెలుసు. వీధిలో ఎవరి సోఫాకి ఎక్కడ గుంట ఉందో తెలుసు." గ్లాసు బల్ల మీద పెట్టింది. "ఈ వయసులో ఇదేం పని? నవ్విపోతారు. వెనక్కి వెళ్ళిపోదామా?"

మూడు వారాలుగా నేను కోరుకుంటున్న మాట. ఈ పుస్తకంలో రాసినా రాయకపోయినా, ప్రతిరోజూ లేవగానే కోరుకున్నది అదే. కారు తిప్పితే చాలు. రేపు సాయంత్రానికి ఇద్దరం షాపులో ఉంటాం. స్కూలు బస్సు సీట్లు అక్క కత్తిరిస్తుంది. ఆయనకు ఫోన్‌లో ఏదో ఒకటి చెప్పొచ్చు. ఆయన బాధపడతాడు, ఇంకో నాలుగు కుర్చీలు కోసుకుంటాడు. "సరే పద" అనడానికి నోరు తెరిచాను కూడా.

అక్క నావైపు చూస్తోంది. నా పెళ్ళికి ముందురోజు నేను తనవైపు అలాగే చూశాను. నాకిప్పటికీ తెలుసు, ఆ రోజు అక్క మానెయ్యమంటే మానేసేదాన్ని. అక్క ఆ మాట అనలేదు, నన్ను తనకోసం ఆపుకోలేదు.

"ఎక్కు," అన్నాను.

"ఏమంటున్నావే?"

"కారెక్కమంటున్నా. చక్కెర ఎంతో ఆయన్నే అడుగు. నోరుంది కదా. ఆయన అన్ని కుర్చీలు కోసుకున్నది నువ్వు ఏం చేస్తావో చూద్దామని కాదు, నువ్వు ఆ ఇంట్లో ఉంటే చాలని. నచ్చకపోతే ఫోన్ చెయ్యి, నేనొచ్చి ఎక్కించుకుపోతాను."

"నువ్వొక్కదానివే అంత దూరం నడుపుకుంటూ వస్తావా?"

"వస్తాను."

అబద్ధమో నిజమో అప్పటికి నాకూ తెలియదు. అక్క చల్లారిన టీ గటగటా తాగేసి, కారెక్కింది. ఆ గంటన్నర నేను ఒక్క హారన్ కొట్టలేదు, తనూ కొట్టమనలేదు.

ఆయన గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. ఎప్పటినుంచి నిలబడ్డారో, చొక్కా వీపు తడిసిపోయింది. ముందు అక్కను కాదు, నన్ను పలకరించారు. "రామ్మా, అలిసిపోయి ఉంటావు. చాలా పెద్ద దారి." తర్వాత అక్క వైపు చూసి పెట్టె అందుకున్నారు. ఈయన్ని ఇకమీదట బావగారు అనాలి. రాయడం వరకు మొదలుపెడుతున్నాను.

నవంబరు 27, గురువారం. రోడ్డు పక్కన, కార్లో

పొద్దున బయల్దేరబోతుంటే అక్క పీచు బుట్ట తెచ్చి వెనక సీటుకు బెల్టు బిగించింది. నేను వద్దనలేదు. నేను ఒంటరిగా వెళ్తే అక్కకి ఆ ఇంట్లో అన్నం సహించదు. కుక్క ఉందంటే ఏదో సర్దిచెప్పుకుంటుంది. తీసుకువెళ్ళడం తనకోసమే. పుచ్చుకోవడం కూడా ఒక ఇవ్వడమే అయినప్పుడు బింకం దేనికి?

"శాలువా నువ్వు ఉంచుకోవా? చలికాలం," అన్నాను.

"దాని దగ్గరే ఉండనీ."

బావగారు కారు టైర్లలో గాలి చూసి, అద్దాలు తుడిచి, చేసే పనేమీ మిగలక తుడిచిన అద్దాలే మళ్ళీ తుడిచారు. "వెళ్ళొస్తాను బావగారూ," అంటే ఆయన గుడ్డ పట్టుకుని అలాగే ఉండిపోయారు. అక్క కిటికీలోంచి చెయ్యి పెట్టి నా నుదురు తాకి చూసింది, జ్వరం ఉన్నట్టు. "మెల్లగా వెళ్ళు," అంది.

ఊరు దాటేదాకా బాగానే నడిపాను. ఆ తర్వాత పీచు మొదలుపెట్టింది. కక్కడం కాదు, ఏడుపు. ముందు కాళ్ళు వెనక అద్దానికి ఆనించి, శాలువా నోట కరుచుకుని, వచ్చిన దారి వైపు మొహం పెట్టి ఒకటే ఊళ. బిస్కెట్టు వద్దు. నీళ్ళు వద్దు. నేను పిలిస్తే ఒకసారి తిరిగి చూసి మళ్ళీ అటే. అక్కకు అలవాటు చెయ్యాలని నేను పడిన తిప్పలన్నీ ఫలించాయి. ఇది నూటికి నూరుపాళ్ళు అక్క కుక్క.

నాకు రోడ్డు సరిగ్గా కనిపించడం లేదు. పక్కకు తీసి ఆపాను. ఇవాళ స్పాంజి పొడి లేదు, పెన్ను బాగానే ఉంది. ఏడ్చాను. గట్టిగా, నోరు తెరిచి ఏడ్చాను. లారీలవాళ్ళు చూస్తే చూశారు.

ఫోన్ మోగింది.

"పీచేం చేస్తోందే?"

"నిద్రపోతోంది."

"కక్కిందా?"

"లేదు."

"నువ్వు?"

"నేనా? నేనెందుకు కక్కుతాను?"

అక్క నవ్వింది. వెనకనుంచి బావగారి గొంతు వినిపించింది, చక్కెర సరిపోయిందా అని అడుగుతున్నారు. "ఒక్క నిమిషం," అని అక్క ఆయనకేదో చెప్పింది. ఆ ఒక్క నిమిషం నేను పీచు మూతి చేత్తో మూసి పట్టుకున్నాను, దాని ఊళ అక్కకు వినిపించకుండా.

ఫోన్ పెట్టేశాక వెనక సీట్లోకి వెళ్ళి కూర్చున్నాను. అది నా ఒళ్ళోకి ఎక్కలేదు. నా మోకాలి మీద ముందు కాళ్ళు పెట్టి, అద్దంలోంచి అటే చూస్తూ మూలిగింది. నేనూ అటే చూస్తూ కూర్చున్నాను. ఖాళీ ఇంట్లో నాకు తోడుంటుందని దీన్ని తెచ్చింది అక్క. ఏం తోడో తనకి తెలియదు. అక్క కోసం ఏడవడానికి నాకొక తోడు దొరికింది.

కాసేపటికి ఇద్దరం తెరిపినపడ్డాం. దాని మూతి తుడిచి, నా మొహం తుడుచుకుని, బుట్టను విప్పి ముందుకు తెచ్చి పక్క సీటుకు బిగించాను.

"ముందు లారీలు వస్తే చెప్పు," అన్నాను దానితో.

ఇక బయల్దేరుతున్నాను.